ఎర్రకారుకు నూటొక్క వంకలు

బొమ్మల దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క ఎర్ర రేసుకారు డబ్బా ఎవరో ఆవిడ చేతిలో ఉంది. అది చూడగానే బ్రోకరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

అరవై ఏళ్ల కిందటి పందెం కారు, ఏడో నంబరు. చువ్వల చక్రాలు, ఒంటి పక్కన పాములా సాగే పొగగొట్టం. రెండు వందల ఆరు ముక్కలు. ఒక్కొక్కటే ఓపిగ్గా అతికించుకుంటే అచ్చం అసలు కారే, కాకపోతే అరచేతిలో ఇముడుతుంది. నిన్న దుకాణం మూసేస్తుంటే అద్దంలోంచి కంటబడింది. పొద్దున్నే పళ్లు కూడా సరిగ్గా తోముకోకుండా పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే ఇదీ వరస.

ఆవిడ రెండో చేతిలో నీలం కారు డబ్బా ఉంది. రెండింటినీ మార్చి మార్చి చూస్తోంది.

“ఏదో ఒకటి తేల్చండమ్మా, అరగంటైంది,” అన్నాడు దుకాణదారు.

“తెలిస్తే తేల్చనా? మా ఆయన పుట్టినరోజుకి. నా కళ్లకి రెండూ ఒకటే.”

బ్రోకరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకా తేలలేదన్నమాట! పాతికేళ్లుగా పాతకార్లు కొని అమ్ముతున్నవాడు. మెచ్చుకున్నవాడికి ఈ లోకంలో ఏదీ దక్కదని అతనికి బాగా తెలుసు. కావలసిన బండిని ముందు తిట్టాలి, పక్కవాడు ముక్కు మూసుకుని పారిపోయేదాకా తిట్టాలి. బజారంతా అతన్ని వంకల బ్రోకరు అనేది ఊరికే కాదు.

“ఆ ఎర్రదాన్ని మీకు అంటగడుతున్నాడా చెల్లెమ్మా?” అన్నాడు పెదవి విరుస్తూ.

“ఏం అన్నయ్యగారూ, బాగోదా?”

“బాగుండటం కూడానా! ఆ ముక్కు చూడండి, గోడను గుద్దుకొచ్చినట్టు లేదూ? చక్రానికి ముప్పై చువ్వలు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి మీ ఆయనకి కళ్లజోడు మార్చాలి.”

“సార్! మీరు కొంటే కొనండి, కొనేవాళ్లని చెడగొట్టకండి,” దుకాణదారు గయ్యిమన్నాడు.

“నిజమంటే నిష్ఠూరం! ఆ పొగగొట్టం రెండు ముక్కలమ్మా, అతుకు దగ్గర జిగురు పొంగుతుంది. ఎరుపు మూడు పూతలు వేస్తేగానీ నిలవదు. నంబరు స్టిక్కరుందా, తడి ఎక్కువైతే చిరుగుతుంది, తక్కువైతే ముడతపడుతుంది. బానెట్టు ఎత్తితే లోపల పన్నెండు చిట్టి ప్లగ్గులు, ఒక్కోటీ ఆవగింజంత! సీటు కింద స్ప్రింగులు కూడా పెట్టారు, ఎవడు చూడొచ్చాడని?”

చెబుతున్నకొద్దీ ఊపొచ్చింది. చేతులు గాల్లో స్టీరింగు తిప్పుతున్నాయి.

ఆవిడ కళ్లార్పకుండా వింది. “ఇంకా?”

“ఇంకానా! ఆ అద్దం ముక్క గోరంత ఉంటుంది. కిందపడితే ఇల్లంతా దేవులాడుకోవాలి.”

“మరి ఈ నీలంది?”

“అదా? మంచిదే. కళ్లు మూసుకుని తీసుకోండి.”

“అంతేనా?”

“అంతే. బంగారంలాంటి బండి.”

ఆవిడ తల పంకించి ఎర్ర డబ్బాను కౌంటరు మీద పెట్టేసింది. బ్రోకరు చెయ్యి దానంతటదే అటు పాకింది. వేలి కొస అట్టకు తగిలింది. గెలిచాడు! నోట్లోంచి ఈల వచ్చేలా ఉంటే పళ్లతో బిగబట్టుకున్నాడు.

ఆవిడ నీలం డబ్బాను తీసుకెళ్లి మళ్లీ అరలోకి తోసేసింది.

“ఆ ఎర్రది రంగు కాగితంలో చుట్టివ్వండి,” అంది దుకాణదారుతో.

“అదేంటి చెల్లెమ్మా! అన్ని వంకలు చెప్పాను కదా!” డబ్బా మీంచి వేలు తియ్యకుండానే అన్నాడు బ్రోకరు.

“మీరు చెప్పబట్టే తేలింది అన్నయ్యగారూ. మా ఆయనా పాతకార్ల బ్రోకరే. పనికిరానిదాన్ని రెండు ముక్కల్లో మెచ్చుకుని వదిలేస్తాడు, మనసుపడ్డదాన్నే ఇంతసేపు తిడతాడు. నన్ను చేసుకునేముందు మా నాన్న దగ్గర కూర్చుని గంటన్నర తిట్టాడు!”