మూడో మీట

"అవ్వా, కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంటావా? మోకాలికి అడ్డొస్తోంది."

వెర్లిన్ విసుక్కున్నాడు.

"ఇక్కడైతే బాగా వినపడుతుంది నాయనా," అంటూ ముసలావిడ జానెడు జరిగి, మళ్ళీ అక్కడే సర్దుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అయితే చాలు, టెక్సస్‌లోని ఆ చిన్న ఊరంతా డాన్సు హాల్లోనే ఉంటుంది. ఈవిడ ఒక్కతే డాన్సు వైపు చూడదు. జానెడెత్తు వేదిక కిందే, అంచున, వెర్లిన్ బల్లలా ముందు పెట్టుకుని వాయించే స్టీలు గిటారుకి ఆనుకున్నట్టు కూర్చుని వింటుంది. ఆవిడ పేరేమిటని వెర్లిన్ ఎన్నడూ అడగలేదు.

అతని గోల అతనిది.

చిన్నప్పుడు నాన్న ట్రక్కు రేడియోలో ఒక పాట విన్నాడు. అందులో పాటగాడు ఊపిరి తీసుకునే సందులో స్టీలు గిటారు ఒక్కసారి బావురుమంటుంది. ఆ ఏడుపు చివర ఒక స్వరం సన్నగా పైకి లేచి, నిలబడి, జారిపోతుంది.

అది వినే ఈ వాయిద్యం పట్టాడు. తక్కినవన్నీ చేతికొచ్చాయి. అదొక్కటే రాలేదు.

పగలంతా చమురు బావుల దగ్గర చాకిరీ. ఇంటికి రాగానే ఆ పాత రికార్డు పెట్టి, వేగం తగ్గించి, ముల్లు వెనక్కి వేసుకుంటూ వినడం. అక్కడి గీతలు అరిగి గరగరలాడుతున్నా వదల్లేదు. కాలికింద పెడళ్ళన్నీ తొక్కి చూశాడు. మోకాళ్ళతో నెట్టే మీటలు రెండూ నెట్టి చూశాడు. చివరికి వెల్డింగ్ షాపుకెళ్ళి మూడో మీట పెట్టించుకొచ్చాడు.

"మీట సరే, దాన్ని నెట్టడానికి మూడో మోకాలేదిరా?" అన్నాడు బ్యాండు నడిపే బర్ల్.

"నవ్వు, నవ్వు. అది వాయించిన మహానుభావుడెవరో తెలిస్తే కాళ్ళమీద పడి నేర్చుకునేవాణ్ణి."

ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో రికార్డు మీద పాటగాడి పేరొక్కటే వేసేవారు.

విచిత్రం, మీట బిగించిన ఆదివారమే ఆ స్వరం పలికింది. హాలు గోలలో సన్నగానైనా పలికింది. వెర్లిన్ వాయిస్తూనే బర్ల్ వైపు తిరిగాడు.

"బర్ల్, విన్నావా? మీట పనిచేసింది!"

ముసలావిడ ముసిముసిగా నవ్వింది.

"అది మీట కాదు నాయనా. నన్నొక్కసారి నీ వెనకాల నుంచోనీ, చూపిస్తాను."

ప్రతివారం ఆవిడ అడిగేది అదే.

"బ్యాండువాళ్ళు తప్ప ఇక్కడికెవరూ ఎక్కకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆ ఒక్క చోటికే. వెంటనే దిగిపోతాను."

"నా వాయిద్యం సంగతి నాకు నువ్వు చెప్తావా? ఇంటికెళ్ళి హాయిగా పడుకో అవ్వా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ లేచి, కుర్చీని తనే మోసుకెళ్ళి గోడవార పెట్టి, బయటికి నడిచింది.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరవాతా రాలేదు.

అదేం చోద్యమో, ఆ స్వరమూ మళ్ళీ రాలేదు. వెర్లిన్ వెల్డింగ్ షాపువాడితో తగువు పెట్టుకున్నాడు. మర బిగించాడు, వదులు చేశాడు, నూనె పోశాడు. చేతికొచ్చిన కూడు నోటికందకుండా పోయినట్టయింది అతని పని. వెనకటి కంటే ఇప్పుడే ఎక్కువ బాధగా ఉంది.

చలికాలం వెళ్ళాక బర్ల్ పరిగెత్తుకొచ్చాడు.

"దొరికాడ్రా నీ దేవుడు! హోయిట్ అట పేరు. అబిలీన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్నాడట."

వెర్లిన్ స్టీలు గిటారుని ట్రక్కులో వేసుకుని ఏకబిగిన అక్కడికి పోయాడు.

హోయిట్ వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. చెవులు మాత్రం చురుగ్గా ఉన్నాయి. వెర్లిన్ తన ఊరూ పేరూ చెప్పుకుని, వరండాలో వాయిద్యం అమర్చి, ఆ ఏడుపు వాయించాడు. చివరి స్వరం దగ్గర ఆగిపోయాడు.

"దీని పై స్వరం ఏ మీటతో పలికించారండీ? ఇన్నేళ్ళుగా దానికోసమే వెతుకుతున్నాను."

హోయిట్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"వేగం తగ్గించి విన్నావు కదూ? అందరూ చేసే తప్పే. అలా వింటే ఆడపిల్ల గొంతు కూడా తీగలాగే వినపడుతుంది."

"ఆడపిల్ల గొంతా?"

"మా చెల్లెలు ఒలీటాది. నాకు తిండి పట్టుకుని స్టూడియోకొచ్చింది. నా వెనకాల నుంచుని, తనకి తెలీకుండానే కూనిరాగం తీసింది. ఉన్నది ఒక్కటే మైకు, నా వాయింపులో కలిసిపోయింది. నా పేరుకే దిక్కులేదు, దాని పేరెవడు వేస్తాడు?"

వెర్లిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఆవిడ ఎక్కడుంటారండీ? ఇప్పుడే వెళ్తాను."

"ఈ చలికాలంలోనే పోయిందబ్బాయ్. మీ ఊళ్ళోనే ఉండేది."

హోయిట్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆదివారం డాన్సు నుంచి రాగానే నాకు ఫోను చేసేది. 'అన్నయ్యా, ఇక్కడొకబ్బాయి నా గొంతుని తీగల్లో వెతుక్కుంటున్నాడు, ఒక్కసారి వెనకాల నుంచోనిస్తే ఇచ్చేద్దును' అనేది."