ఇంద్రజ మార్కులు

“ఒక్క ముక్కన్నా చెప్పండి పిన్నిగారూ. ఈ కాగితం ఖాళీగా పట్టుకెళ్తే మా మాస్టారు నన్ను ఫెయిల్ చేసేస్తారు.”

అరుగు మీద గోడకి చేరబడ్డ బుల్లెమ్మ అప్పుడు తలెత్తింది. ఆరు బుధవారాలుగా ఇదే తంతు. రాజమండ్రి నుంచి ఇంద్రజ అనే ఈ పిల్ల కొవ్వూరు రావడం, ఏవో అడగడం, బుల్లెమ్మ వీధిలోకి చూస్తూ ఉండిపోవడం. కొడుకు హరిబాబు ఇంటర్ తప్పి, ఆ సాయంత్రమే గోదాట్లో కలిసిపోయాడు. అప్పట్నుంచి ఆవిడకి ఆకలీ లేదు, ఏడుపూ లేదు. పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలిసేది కాదు. వాడు ఎందుకు పోయాడో పాపం ఇంద్రజకి ఎవరూ చెప్పలేదు.

“ఫెయిలా?” అంది బుల్లెమ్మ.

“అవునండి. మాది ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సంఘసేవ చదువు. కష్టంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి పని నేర్చుకోవాలి. నాకు మీ ఇల్లిచ్చారు. ఈ వారం మీరేం చేశారో రాయాలండి.”

“ఏం చెయ్యలేదు.”

“అదే రాస్తే సున్నా వేస్తారు.”

బుల్లెమ్మ రేగిన జుట్టు మీద చెయ్యేసుకుంది. “తల దువ్వుకున్నానని రాసుకో.”

“అబద్ధం రాయకూడదండి.”

బుల్లెమ్మ లేచి, లోపల్నుంచి దువ్వెన తెచ్చుకుని, ఆ పిల్ల ఎదురుగానే తల దువ్వుకుంది. ఇంద్రజ రాసుకుని, కింద ఆవిడ చేత సంతకం పెట్టించుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

అదిగో, అలా మొదలైంది. మళ్ళీ బుధవారానికి బుల్లెమ్మ బజారుకెళ్ళి వంకాయలు తెచ్చింది.

“కూర వండానని రాసుకో.”

“ఎలా కుదిరిందండి?”

“ఏమో, నాకు రుచి తెలీలేదు. ఆ మాట రాయకు, మార్కులు తగ్గిస్తారేమో.”

ఆ పిల్లకి రాసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని మూలనున్న కుట్టుమిషను దులిపి నూనె పోసింది. పక్కింటి పెద్దింట్లమ్మకి జాకెట్టు కుట్టింది. నలుగురితో చేసే పని కూడా చూపించాలండి అని ఇంద్రజ అంటే, పదో తరగతి తప్పి ఇళ్ళలో కూర్చున్న ఆడపిల్లల్ని ఏడుగురిని పోగేసి కుట్టు నేర్పింది. అందులో ఒకత్తి ఏడుస్తూ కూర్చుంటే, “తప్పితే ఏవైంది? మళ్ళీ రాయి,” అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా బుల్లెమ్మ గొంతులో తడి లేదు. కాగితంలోకి ఒక వరస వచ్చింది, అంతే అనుకుంది.

రోజుల లెక్క ఆవిడకి ఎప్పుడో పోయింది. లెక్క పెట్టింది పెద్దింట్లమ్మే.

“ఏమే బుల్లెమ్మా, ఆ పిల్ల ఎంత మొద్దో గానీ! ఇది రావడం మొదలెట్టాకే మా అమ్మాయి నాగదుర్గకి పెళ్ళై, బిడ్డ కూడా నడిచేస్తోంది. దీని చదువు మాత్రం తెమల్లేదు.”

“పెద్ద చదువు కదా, ఆలస్యవవుద్ది.”

“ఆలస్యం కాదే, తప్పతా ఉండుంటాది!”

ఆ మాట బుల్లెమ్మని పట్టుకుంది. ఇంద్రజని అడిగితే, “ఇంకొంచెం ఉందండి,” అని తలొంచుకుని రాసుకునేది. కాలేజీ అచ్చుకాగితాలు అయిపోయాయని తెల్లకాగితాలు తెచ్చేది.

ఒక బుధవారం ఆ పిల్ల రాలేదు. మరుసటి బుధవారమూ రాలేదు. మూడోసారి కూడా అరుగు మీద పొద్దుగూకేదాకా చూసి బుల్లెమ్మ లోపలికి పోయింది. అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని రాజమండ్రి బస్సెక్కింది. హరిబాబు పోయాక ఆవిడ గోదారి దాటడం అదే మొదలు. బ్రిడ్జి మీద కిటికీలోంచి కిందకి చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఏమీ అనిపించలేదు.

నలుగురినీ అడుగుతూ కాలేజీకి చేరి, ఇంద్రజకి మార్కులేసే జగన్నాథరావు మాస్టారి గదిలో చేతులు జోడించి నిలబడింది.

“నేను కొవ్వూరు బుల్లెమ్మనండి. ఇంద్రజ రాసిందంతా నిజవేనండి. వంకాయలూ నిజవే, మిషనూ నిజవే. ఆడపిల్లలు ఏడుగురూ ఉన్నారండి, కావాలంటే తీసుకొస్తాను. ఆ పిల్లని ఫెయిల్ చెయ్యకండి బాబూ. ఫెయిలైన పిల్లలు ఇంటికి రారండి.”

ఆయన గబుక్కున లేచి తన కుర్చీ ఇటు జరిపారు. “ముందు కూర్చోండమ్మా. ఇంద్రజకి మలేరియా. మొన్న మా ఇంటావిడ చూసొచ్చింది, తగ్గుతోందట. వచ్చే బుధవారం వస్తుంది లెండి.”

“మరి పరీక్షండి?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇంద్రజ పాసై మూడేళ్ళయిందమ్మా.”