అన్నానికి పిలిచినట్టు

"నువ్వు పిలుస్తుంటే పోలీసు పేరు చదివినట్టుందే తల్లీ!"

కిటికీ పక్క కుర్చీలోంచి అవ్వ అందుకుంది.

అద్దం ముందు నిలబడి, ఉపన్యాసంలోని ఖైదీ పేరు వల్లె వేసుకుంటున్న అమ్మాయి ఉలిక్కిపడింది.

ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ 'గుసగుస' అంటారు. ఆమె మాట పక్క గది దాకా వెళ్ళేలోగా అలిసిపోతుంది మరి.

మతం పేరిట చెరపాలైనవాళ్ళ కోసం పరాయి దేశాల సభల్లో గొంతెత్తే చిన్న సంస్థ అది. మేడ మీద మూడు గదులు. మెట్ల గోడ నిండా ఖైదీల బొమ్మలు.

వాళ్ళలో ఒకడు పొరుగు దేశపు పాటగాడు. తన దేవుణ్ణి తన భాషలో పాడుకోవడమే అతని నేరం.

వచ్చేవారం అంతర్జాతీయ సభలో అతని కోసం మాట్లాడవలసిన పెద్దాయన గొంతుకు ఆపరేషనయింది. ఆ భారం వచ్చి గుసగుస మీద పడింది.

ఇచ్చేది రెండు నిమిషాలు. తరవాత ఎర్రదీపం వెలుగుతుంది, మైకు మూగబోతుంది.

సభ అతని పేరును తీర్మానంలో చేరిస్తే ఆ దేశం బదులు చెప్పి తీరాలి. చేర్చకపోతే, ఆ పేరును లోకం మరిచిపోతుంది.

"మరెలా పిలవాలవ్వా?"

"చివర కాస్త సాగదియ్యి. అన్నానికి పిలిచినట్టు."

"సాగదీస్తే నా రెండు నిమిషాలూ ఆ పేరుకే చెల్లు!"

"చెల్లనీ. నువ్వెళ్ళేది ఆ పేరు కోసమే కదూ?"

"రాగాలవ్వ పాఠం మొదలెట్టిందిరోయ్!" పక్క బల్ల నుంచి టైపిస్టు కిసుక్కుమన్నాడు.

"నవ్వు నాయనా, నవ్వు. మీ ఆవిడ ఫోనులో నిన్ను పిలిచే పిలుపు విన్నాంలే. అదీ పోలీసు పిలుపే!"

గదులన్నీ గొల్లుమన్నాయి.

అవ్వ ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకనాడు మెట్లెక్కి వచ్చి, పాటగాడి బొమ్మ ముందు ఆగి, కాగితపు చెంపను కొంగుతో తుడిచింది.

"మీకేమవుతాడమ్మా?" అని అడిగితే, "నా చేతి ముద్ద తిన్న బిడ్డ" అంది.

కన్నతల్లి అని అందరికీ అర్థమైపోయింది.

సభకు తీసుకువెళతామంటే మాత్రం చేతులు జోడించింది. "నా మొహం కనబడితే వాడికే ముప్పు బాబూ. పిలుపొక్కటీ తీసుకెళ్ళండి, చాలు."

గుచ్చి గుచ్చి అడగకూడదన్నది ఆ ఆఫీసు నేర్చుకున్న మొదటి మర్యాద. ఎవరూ మరి అడగలేదు.

సభ రోజు రానే వచ్చింది.

గుసగుస మైకు ముందుకొచ్చి ఉపన్యాసం అందుకుంది. ప్రతినిధులు తల వంచుకుని ఎవరి కాగితాలు వాళ్ళు తిరగేస్తున్నారు. సగం ఉపన్యాసం మిగిలి ఉండగానే ఎర్రదీపం వెలిగింది.

ఆమె కాగితం మడిచేసింది.

కళ్ళు మూసుకుని, ఆ పేరు పిలిచింది.

పిలుపు మధ్యలో మైకు ఆగింది. పిలుపు ఆగలేదు. సాగి, సాగి, చివరి వరుస దాకా వెళ్ళింది.

తలలన్నీ పైకి లేచాయి, ఇంటి లోపలినుంచి ఎవరో తమనే పిలిచినట్టు.

ఆ సాయంత్రం తీర్మానంలో ఆ పేరు చేరింది.

తిరిగొచ్చిన గుసగుస మెట్లు రెండేసి ఎక్కింది. "అవ్వా! సాగదీశాను!"

"మైకు ఆపేశారటగా?"

"నేనాగలేదుగా!"

అవ్వ ఆమె గడ్డం పుణికింది. "ఇక వాడొస్తాడే. ఆకలైన బిడ్డ పిలిస్తే రాడూ?"

పాటగాడు నిజంగానే వచ్చాడు.

అవ్వే ఆగలేదు. వానలు ముదిరిన రోజుల్లో, నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆమె కుర్చీలో ఇంకెవరూ కూర్చోవడం లేదు.

విడుదలైన పాటగాడు కృతజ్ఞత చెప్పుకోవడానికి ఆఫీసుకు వచ్చి, మెట్ల దగ్గర బెరుగ్గా నిలబడ్డాడు. గుసగుస పైనుంచి చూసింది. స్వాగతం పలుకుదామని నోరు తెరిస్తే, వచ్చింది ఆ పిలుపే. చివర సాగదీసి, అన్నానికి పిలిచినట్టు.

అతని రెండు చేతులూ వాటంతటవే ముందుకొచ్చాయి, పళ్ళెం పట్టుకున్నట్టు.

ఖాళీ చేతులకేసి చూసుకుని, అతను గతుక్కుమన్నాడు.

"ఈ పిలుపు... మీకెవరు నేర్పారు?"

"మీ అమ్మగారేనండీ."

"మా అమ్మ నన్ను కంటూనే కన్నుమూసిందండీ."



గుసగుస అతన్ని పైకి తీసుకువచ్చి, కుర్చీ పైన గోడకున్న అవ్వ ఫోటో చూపించింది.

అతను దగ్గరకు వెళ్ళాడు.

"లోపల మమ్మల్ని నంబర్లతోనే పిలవాలండీ. పేరు పెట్టి పిలవడం నేరం," అన్నాడు. "మమ్మల్ని లోపల వేయించినవాళ్ళ మతమే ఈవిడదీ."

ఫోటోను గోడ నుంచి దింపి కళ్ళకద్దుకున్నాడు.

"అన్నం వేళ నన్ను పేరు పెట్టి పిలిచినందుకు కొలువూ, దేశమూ పోగొట్టుకున్న మా జైలు వంటమనిషండీ ఈవిడ."