మనిషి లేని చాటింపు

ఆటో మీద మైకు పలకగానే సంతలో ఒక ముసలామె వంగి, ఆటో లోపలికి తొంగి చూసింది.

"గొంతుంది గానీ మనిషేడే?" అంది పక్కామెతో.

ప్రిస్కిల్లాకు నవ్వొచ్చింది. మనిషి లేకపోవడమే కదా తన సరుకు గొప్ప!

ఫోనులో రెండు ముక్కలు రాసి నొక్కితే చాలు, ఆటోలో మైకుకు తగిలించిన ఆ పెట్టె అచ్చం ఇక్కడి మనిషిలాగే చాటింపు వేస్తుంది. దానికి మాటలు నేర్పడానికి బొబ్బిలిలో మూతపడిన మైక్‌సెట్ల దుకాణంలో బస్తాడు పాత క్యాసెట్లు కొంది. వాటి మీద పేర్లు లేవు. ఆమె అడగనూ లేదు.

పెట్టె ప్రారంభానికి తమ్ముడు స్టాన్లీ విశాఖలో హోటల్ హాలు తీసుకుందామన్నాడు. ముఖ్య అతిథి, కేకు, ఫొటోలు అన్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కొనేవాళ్ళు సంతలో ఉన్నార్రా" అని ఆమె బొబ్బిలి సంతకే పెట్టెను తెచ్చింది.

ఈ వారంలో ఒక్క ఆర్డరైనా రాకపోతే రెండేళ్ళ కష్టానికి తాళం వెయ్యాలి. హైదరాబాదులో వదిలేసిన ఉద్యోగం కోసం మళ్ళీ వాళ్ళనే బతిమాలుకోవాలి.

"అయ్యలారా, అమ్మలారా, అక్కసెల్లెళ్ళారా! సాటింపుకి ఇక మనిషక్కర్లేదు. ఈ పెట్టె ఉంటే సాలు. ఇన్నారా?"

ఆ చివరి మాట ఆమె రాసింది కాదు.

ఏం రాసినా సరే, చివర "ఇన్నారా?" అని పెట్టె దానంతటదే అడిగేది. ఆర్నెల్లు పోరాడినా ఆ మాట వదల్లేదు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు అది వినబడితే ప్రిస్కిల్లాకు ఒళ్ళు జలదరించేది.

జనం మూగారు. కానీ ఒక్కడూ ధర అడగడం లేదు.

"ఈ గొంతు నా సిన్నప్పట్నుంచీ ఇన్నాను" అన్నాడొకడు.

"అది ఆగిపోయి మూడేళ్ళయిపోనాది కదరా!" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

డ్రైవరు గంగరాజు ప్రిస్కిల్లా చెవి దగ్గరికి వంగాడు. "మేడంగారూ, ఆ ముసలోణ్ణి సూడండి."

మండుటెండలో మెడకు మఫ్లరు చుట్టుకుని ఒక బక్కపల్చటి మనిషి నిలబడి ఉన్నాడు. మైకులో వచ్చే ప్రతి మాటకూ పెదాలు కదుపుతున్నాడు. చప్పుడు మాత్రం లేదు.

వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది. పరీక్షకని ఫోనులో కొత్త ముక్క రాసి నొక్కింది.

"బొబ్బిలి మామిడికాయలకి మంచి కాలం!" అంది పెట్టె.

తరువాతి మాట మైకులోంచి రాకముందే ముసలాయన పెదాల మీదికి వచ్చేసింది.

"ఇన్నారా?" అంది పెట్టె, ఒక్క క్షణం ఆలస్యంగా.

ప్రిస్కిల్లా ఫోను దించి అతనివైపు తిరిగింది.

అతను దగ్గరికొచ్చాడు. పసిపిల్ల తల నిమిరినట్టు పెట్టెను నిమిరాడు. ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద కుడిచేతి వేలు ఆడించాడు. ఏదో అడుగుతున్నాడు.

"జనం జడుసుకుంటన్నారు, పంపించెయ్యండి మేడంగారూ" అన్నాడు గంగరాజు.

ఆమె ఆ అరచేతిలో పది రూపాయలు పెట్టింది. "తప్పుకో తాతా, బేరం పాడవుతోంది."

అతను నోటువంక చూశాడు. దాన్ని పెట్టె మీద పెట్టి, జనంలో కలిసిపోయాడు.

ఆ రోజు ఒక్క ఆర్డరూ రాలేదు. "మనిషి లేని గొంతు మాకెందుకమ్మా?" అనేశారు అందరూ.

నాలుగో రోజు పొద్దున్నే గంగరాజు ఒక ముసలామెను ప్రిస్కిల్లా గదికి తీసుకొచ్చాడు.

"ఈవిడ పేరు దాలమ్మండి. పెట్టె కావాలంట."

ప్రిస్కిల్లా ప్రాణం లేచొచ్చింది. "కూర్చోమ్మా! ఏం చాటింపు?"

"సావు కబురమ్మా. మా ముసలోడు తెల్లారగట్ల పోనాడు. ఈ పెట్టే సెప్పాలని నిన్ననే కాయితం రాసెట్టాడు."

అంతలా సంబరపడినందుకు ప్రిస్కిల్లాకు సిగ్గేసింది. కాగితం చూసి ఫోనులో ఎక్కించి, నొక్కింది.

"అయ్యలారా, అమ్మలారా, అక్కసెల్లెళ్ళారా! ఎల్లాజీ ఇక లేడు. సాయంత్రం నాలుగ్గంటలకి మట్టి. అందరూ రావాల."

కాగితంలో ఉన్నది అంతే. పెట్టె మాత్రం ఆగలేదు.

"ఇన్నారా?"

"ఇన్నాను మావా" అంది దాలమ్మ, పెట్టెవైపే చూస్తూ.

ప్రిస్కిల్లా వేలు ఫోను మీదే ఉండిపోయింది.

"ఆ మాట... నేను రాయలేదమ్మా. తీసేద్దామన్నా పోవడం లేదు."

"తియ్యకు తల్లీ. గొంతుకి ఆపరేసను సేసి, మాట పోయి మూడేళ్ళయినాది. మఫ్లరు తియ్యకుండానే పోనాడు."

దాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "సంత నుంచి వొచ్చిన కాణ్ణుంచీ ఒకటే సంబరం. తను పెన్ను ఇమ్మని సైగ సేస్తే ఆ పాప డబ్బులెట్టిందని సేతుల్తో సూపించి నవ్వాడు."

"పెన్నా? ఏం రాద్దామని?"

"నాకు సదువు రాదు. నీకేనంట, ఆ సంత రోజే ఎనకాల రాసాడు."

ప్రిస్కిల్లా కాగితం తిప్పింది.

'నన్ను ఆటో ఎక్కించు తల్లీ. మనిషేడని జనం అడుగుతన్నారు కదా, ఆ మనిషిని నేనే.'