మామ్మ కోసం ఇంకో తిప్పు

"బస్సు తిరిగింది కదా ఆంచోన్, మళ్ళీ తిప్పుతావేం? తల తిరిగి చస్తున్నాం!" వెనక సీటాయన అరిచాడు.

"తాగింది దిగుతుంది, కూర్చో. మొదటి తిప్పు బస్సుకి, ఇది మామ్మకి," అన్నాడు డ్రైవరు.

స్పెయిన్ ఉత్తర తీరంలోని మా బాస్క్ రేవూరి వీధి ఇరుకు, బస్సు వెనక్కి తిరగదు. బస్సును గుండ్రటి ఇనుప పళ్ళెం మీద నిలిపి, పళ్ళేన్నే తిప్పుతారు. పక్కన నిలబడ్డ పాంచికె మామ్మ ఒక్కో కిటికీలోకీ చూస్తోంది. ఆమె కొడుకు చేపలవేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఏ ఒడ్డుకో చేరి, ఈ బస్సులో వస్తాడని ఆమె ఆశ. ఇక ఎదురుచూడొద్దని ఎన్నోసార్లు నచ్చజెప్పాను.

నా భార్య పేరు నెకానే. రోజూ ఈ బస్సులోనే ఇంటికొచ్చేది. ఆమెను సమాధి చేశాక నేనిది ఎక్కడం ఇదే మొదలు.

దిగగానే మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అన్నీ చూశాను మాస్టారూ. మావాడూ లేడు. మీ నెకానే కూడా లేదు."

ఈసారి నచ్చజెప్పలేదు.

"రేపు కూడా చూడు మామ్మా," అన్నాను.