కంచెకు అవతలి గరిక

గుట్ట కింది కుందేళ్లకు నక్క భయం పట్టుకుంది. ముళ్లకంచె వేస్తానని ముళ్లపంది తీర్మానం చదవసాగింది. నక్క పేరు వినగానే కుందేళ్లన్నీ "సరే, సరే!" అని అరిచాయి.

ముసలి చెవులవ్వకు పాతరోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో తాత కుందేలు ఏ తీర్మానమైనా చివరిదాకా రెండుసార్లు చదివించేది.

"ఆఖరిదాకా విందామర్రా!" అంది అవ్వ.

"నక్క నిన్నెత్తుకుపోయాక వింటావా అవ్వా?" అని కుర్రకుందేళ్లు నవ్వాయి. అవ్వ సిగ్గుపడి తానూ "సరే" అంది.

కంచె లేచింది. కుందేళ్లు మేసే వాగొడ్డు గరిక మాత్రం అవతల పడింది.

"ఇదేమిటయ్యా?" అని ముళ్లపందిని అడిగింది అవ్వ.

"గరిక నాదేనని చివర్లో ఉంది గదమ్మా. మీరంతా సరే అన్నారు," అంది ముళ్లపంది, నములుతూ.

నక్క రానేలేదు. చిన్నప్పుడు అమ్మతో మేసిన ఆ గరిక వాసన మాత్రం రోజూ కంచె సందుల్లోంచి వచ్చేది. అవ్వ ముళ్లకు ముక్కు ఆనించి పీల్చుకునేది. తానూ సరే అన్నది గనుక ఎవరినీ తిట్టలేదు.