కన్నడంలో వచ్చిన కవరు

“చించి పొయ్యిలో పెట్టు,” అన్నాడు గంగాధర్. కాగితం మడత పూర్తిగా విప్పనైనా లేదు. పైన అచ్చువేసిన కొండల బొమ్మ చూశాడు, అంతే, మొహం నల్లబడింది.

“చదవకుండానే చించమంటే ఎట్ల?” అంది మంజుల.

“చదివేదానికి అదేమన్నా తెలుగులో ఉండాదా? కన్నడం. పెనుకొండలో తెలుగోళ్ల ఇంటికి కన్నడంలో కాగితం వచ్చిందంటేనే తెలీలేదా, అది దొంగదని? ధర్మవరంలో జరిగింది మర్చిపోయినావా?”

ఆమె ఎలా మర్చిపోతుంది? అతను మర్చిపోనిస్తే కదా. మూడేళ్ల కిందట ఆమె ధర్మవరంలో పుట్టింట్లో ఉన్నప్పుడు ‘మీకు ఉచిత గోవా విహారం’ అని ఒక కాగితం వచ్చింది. పట్టుచీర కట్టుకుని వాళ్లు చెప్పిన లాడ్జికి వెళ్లి, టై కట్టుకున్న పెద్దమనిషి ఉపన్యాసం రెండు గంటలు విని, సభ్యత్వమని అడిగితే చెవికమ్మలు తీసిచ్చి వచ్చింది. గోవా రాలేదు. ఆ పెద్దమనిషీ మళ్లీ కనబడలేదు. అప్పటినుంచి ఏ విషయంలో ఆమె నోరు తెరిచినా, “గోవా మేడం చెప్తాంది, వినండప్పా,” అంటాడు గంగాధర్. చుట్టాల ముందు కూడా. ఆ మాట వినబడినప్పుడల్లా మంజులకు ఒళ్లు మండిపోతుంది.

అతను మాత్రం ఆ సంఘటనతో వీధికంతా పెద్దమనిషయ్యాడు. హిందూపురంలో పట్టునూలు కొట్టులో గుమాస్తా. కాగితమన్నా అక్షరమన్నా మహా పట్టింపు. చీటీ రాసినా సరే వీధి, గుర్తు, పిన్‌కోడ్ లేకపోతే అది అడ్రసే కాదంటాడు. ఎవరికి ఉచిత విహారం కవరు వచ్చినా అతని అరుగు మీదికే తెచ్చేవారు. “ముందుగా దుడ్లడిగితే దొంగ. అడ్రసు సగంసగం రాసుంటే దొంగ. ఫోన్ చేస్తే మనిషి పలకలేదా, వాడు పెద్దదొంగ,” అని తేల్చేసేవాడు.

ఈ కవరుకు ఆ పరీక్షలేవీ పెట్టలేదు. తానే లాక్కుని నాలుగు ముక్కలు చేసి నీళ్లపొయ్యిలోకి విసిరాడు. “ఎవురికీ చూపించాకు. మళ్లీ నగుబాటు,” అని బస్సుకు పోతూ రెండుసార్లు చెప్పాడు.

ఆ పూట నీళ్లపొయ్యి ఇంకా ముట్టించలేదు. అతను వీధి మలుపు తిరగగానే మంజుల ముక్కలు ఏరింది. బూడిద దులిపి, అన్నం మెతుకులతో అతికించి, కొంగు కింద పెట్టుకుని అజీజున్నీసా దగ్గరికి నడిచింది. బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్ నడిపే అజీజున్నీసా పుట్టిల్లు మడకశిర. చిన్నప్పుడు కన్నడం బడిలోనే చదివింది.

“మడికేరంట,” అంది ఆమె కాగితం వెలుతురుకు పెట్టి. “కాఫీ తోటల మధ్య హోటలు. ‘మా గౌరవనీయ అతిథులకు’ అని మొదలుపెట్టినారు చూడు. ఆలుమగలకు రెండు రాత్రులు, భోజనంతో సహా ఉచితం.”

“ముందుగా దుడ్లేమన్నా కట్టమన్నారా అక్కా?”

“లేదమ్మా. జంటగా రాండి చాలు అన్నారు.”

మంజుల కవరు ముక్కలు చేర్చి పెట్టింది. మీద ఇంగ్లీషులో గంగాధర్ దంపతులు, మసీదు వీధి, బోరింగు ఎదురుగా, పెనుకొండ అని ఉంది. పిన్‌కోడ్ కూడా ఉంది.

“చూడక్కా, బోరింగు గుర్తుతో సహా రాసినారు. మా కరెంటు బిల్లు మీద కూడా ఇంత పక్కాగా ఉండదు. దొంగోళ్లకు ఇంత ఓపిక యాడుంటుంది?”

“అదీ నిజమే. కన్నడంలో ఎందుకు పంపినారో, అదొక్కటే నాకు అంతు పట్టలేదు.”

“ఫోన్ చేసి అడుగు. ఆయన నోరు నేను ఒక్కసారన్నా మూయించల్ల.”

పెళ్లయి తొమ్మిదేళ్లు. తిరుపతి దాటి ఆమె ఏ ఊరూ చూడలేదు. మొన్న డిసెంబరులో కొట్టు పని మీద అతను మూడు రోజులు బెంగళూరు వెళ్తుంటే తనూ వస్తానంది. నీకు చలి పడదన్నాడు. తీరా అతనే జలుబుతో తిరిగొస్తే మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఇప్పుడు మడికేరి చలికి ఎవరినడిగి స్వెట్టరు తెచ్చుకోవాలా అని ఆలోచిస్తోంది.

అజీజున్నీసా నంబరు తిప్పింది. రెండుసార్లు గంట మోగింది. అవతల ఎవరో పలకగానే ఆమె కన్నడంలో మాట కలిపింది.

“మనిషే పలికినాడు,” అంది నవ్వుతూ. మరి కాసేపు మాట్లాడి, “మంజులా, నిజంగానే హోటలుండాది. కాగితం వాళ్లదే అంట. ఎప్పుడొస్తారని అడుగుతాండాడు.”

మంజుల వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. మూడు పరీక్షలూ నెగ్గిన కవరును, వీధికి తీర్పు చెప్పే మనిషి చదవకుండా చించేశాడు. ఈ సాయంత్రం అతను ఇంటికి రాగానే అతికించిన కాగితం కంచం పక్కన పెట్టాలి. గోవా మేడం అన్న మాట ఈ రోజుతో సరి. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

“కన్నడం సంగతి అడగనేలేదు కదక్కా. అది కూడా అడుగు. రేపు ఆయన దాన్నే పట్టుకుంటాడు.”

అజీజున్నీసా అడిగింది. వింటూ వింటూ ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“మంజులా, నీకు కన్నడం రాసేది వస్తుందా?”

“ఒక్క అక్షరం రాదక్కా. నీకు తెలీదా? ఎందుకు?”

అజీజున్నీసా అవతలి మనిషిని మళ్లీ ఏదో అడిగింది. మళ్లీ విన్నది. ఫోన్ పెట్టేసి, అతికించిన కాగితాన్ని వెనక్కి మడిచింది. మంజుల వైపు చూడలేకపోయింది.

“ఏమన్నాడో చెప్పక్కా.”

“డిసెంబరులో మీరిద్దరూ వచ్చినప్పుడు వాళ్ల పుస్తకంలో నువ్వు కన్నడంలోనే సంతకం పెట్టినావంట.”